నాలుగు వేల ఎనభై ఏడు పోగుల అడ్డుతెర

నా పెళ్లి ఒకసారి చెడిపోబోయింది. కట్నం దగ్గర కాదు, జాతకాల దగ్గర కాదు, అరవై ఒకటి అనే సంఖ్య దగ్గర. నవ్వండి, పరవాలేదు, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం సిరిసిల్లలో ఒక వార్పు షెడ్డు మధ్యలో, కొత్త ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో సుద్దముక్కతో, గోడకేసి చూస్తూ నిలబడిపోయాను. ఆ దృశ్యం చూసినవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిది మందీ ఆరోగ్యంగా ఉన్నారు, జ్ఞాపకశక్తి కూడా బాగానే ఉంది. నా బాధంతా అదే.

అప్పటికి నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తి చేసి కరీంనగర్లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఏడాది కాలేదు. నాకు ప్రధాన సంఖ్యల పిచ్చి ఉండేది. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగం పోని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు కదా, అలాంటిది ఎదురుపడితే నాకు పండగే. బస్సెక్కితే టికెట్టు మీది నంబరు ప్రధానమో కాదో తేలేదాకా సీట్లోంచి లేచేవాణ్ని కాదు. సిరిసిల్లలో దిగాల్సినవాణ్ని అలా రెండుసార్లు కామారెడ్డి దాకా పోయాను. రెండోసారి కండక్టరు గుర్తుపట్టి, "సారూ, గీ పారి చిన్న నంబరిస్త, జల్ది దిగుండ్రి" అన్నాడు.

పిచ్చితో పాటు మొండితనం కూడా పుష్కలంగా ఉండేది. నేను దాన్ని పట్టుదల అనేవాణ్ని. మా అవ్వ, అంటే అమ్మ, జిద్దు అనేది. మా బాపు ఏమీ అనేవాడు కాదు, సాంచె ఆన్ చేసేవాడు. మాకు నాలుగు పాత సాంచెలు, అంటే మరమగ్గాలు ఉండేవి. ఆ చప్పుడులో నా మాట వినపడదు కాబట్టి నాతో వాదించడానికి ఆయనకు అంతకంటే మంచి ఉపాయం దొరకలేదు.

మా సిరిసిల్లలోనే రాజేశం కాక వార్పు పని చేసేవాడు. బట్ట నేయడానికి ముందు నిలువు పోగులన్నిటినీ పక్కపక్కన పేర్చి చుట్టాలి, ఆ పనే వార్పు. ఆయన కూతురు లావణ్య డిగ్రీ చదివి, తండ్రితో పాటు షెడ్డు చూసుకుంటోంది. పెళ్లిచూపులకు పోయాం. పెద్దవాళ్లు మమ్మల్ని కాసేపు మాట్లాడుకోమని పక్కకు జరిగారు.

"కాలేజీల మీకు ఏం చెప్పుడు ఇష్టం?" అని అడిగింది లావణ్య.

ఇలాంటి ప్రశ్న అంతకు ముందు నన్ను ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా. నేను ప్రధాన సంఖ్యల గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. అవి ఎందుకు అనంతమో నిరూపించి చూపించాను. చాయ్ మీద మీగడ కట్టింది, తర్వాత ఆ మీగడ కూడా ముడతలు పడింది. చివరికి ఆ అమ్మాయి లేచి లోపలికి పోయి, "బాపూ, నాకు జర టైం కావాలె" అంది.

వద్దు అనలేదు చూశారా! నాకు అది చాలు. దారిపొడుగునా నేను ఉత్సాహంగా ఉంటే అవ్వ తల పట్టుకుంది.

"టైం కావాలె అన్నదంటే ఇష్టం లేదని కొడుకా."

"లేదవ్వా. ఆలోచిస్తున్నది. నేను గట్టిగ ఒక్కటి చేసి చూపెట్టాలె."

ఏం చేసి చూపించాలో ఆ సాయంత్రానికే తట్టింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్లిపీటల మీద వధూవరుల మధ్య పట్టే అడ్డుతెరను మేం బజార్లో కొనం. పెళ్లికొడుకు ఇంటి సాంచె మీద నేసిన బట్టనే పట్టాలి. మా బాపు పెళ్లికి మా తాత నేశాడు. నా పెళ్లి తెరలో నిలువు పోగులు ప్రధాన సంఖ్యలో ఉండాలని నేను నిశ్చయించాను. ఎవరూ ముక్కలు చేయలేని సంఖ్య, ఎవరూ విడదీయలేని జంట! నాకు నేనే చప్పట్లు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

బాపు సాంచె ఆపి మరీ విన్నాడు.

"పిల్ల ఒప్పుకోనేలే, అప్పుడే తెరనా?"

"తెర చూసే ఒప్పుకుంటది బాపూ. వార్పు వాళ్ల షెడ్డులనే చేయిద్దాం. మామూలుగ ఎన్ని పోగులుంటయి?"

"గీ పన్నాకు, గింత వెడల్పుకు, నాలుగు వేల ఎనభై."

నాలుగు వేల ఎనభై! రెండు, మూడు, అయిదు, ఏది పెట్టి కొట్టినా పగిలే సంఖ్య. పెళ్లికి అలాంటిదా? పోగులు తగ్గించడం శుభం కాదని అవ్వ అంది కాబట్టి పైకి వెళ్లాను. నాలుగు వేల ఎనభై ఒకటి ఏడుతో పోతుంది. ఎనభై మూడు మూడుతో పోతుంది. ఎనభై అయిదు సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. సరిసంఖ్యలు ఎలాగూ పనికిరావు. అప్పుడు కనపడింది నాలుగు వేల ఎనభై ఏడు. చూడగానే ఇదే అనిపించింది. లావణ్యను చూసినప్పుడు కూడా ఇలాగే అనిపించిందని మనవి.

"బేసి సంఖ్యాయె," అన్నాడు బాపు. "మగ్గం అచ్చు పండ్ల సందుల్ల పోగులు జోడు జోడుగ ఎక్కియ్యాలె. ఆఖరుకు ఒక్క పోగు ఒంటిగ మిగుల్తది. పెళ్లి తెరల ఒంటి పోగేందిరా?"

"ఎక్కడో అంచుల ఉంటది, ఎవరు చూస్తరు?"

"నేను చూస్త," అని బాపు సాంచె ఆన్ చేశాడు.

ఇక పరీక్ష. ఫోన్‌లో నొక్కితే క్షణంలో తేలేది కదా అంటారు. పట్టుదల గల మనిషి ఫోన్ నొక్కడు. కాగితం, పెన్ను తీసుకుని వంటింట్లో అవ్వ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అరవై నాలుగును అరవై నాలుగుతో గుణిస్తే నాలుగు వేల తొంభై ఆరు, మన సంఖ్య కన్నా రవ్వంత ఎక్కువ. కాబట్టి అరవై నాలుగు లోపు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది. వాటిలో ఆఖరిది అరవై ఒకటి. ఏడుతో భాగిస్తే ఆరు మిగిలింది. పదమూడుతో అయిదు. పంతొమ్మిదితో రెండు. నలభై మూడుతో కూడా రెండే మిగిలేసరికి గుండె ఆగినంత పనైంది. యాభై మూడుతో ఆరు. యాభై తొమ్మిదితో పదహారు.

సరిగ్గా అప్పుడు అవ్వ వేడి వేడి సర్వపిండి నా ముందు పెట్టింది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు, అడుగున ఎర్రగా కరకరలాడే మాడు. చేతికి నూనె అయింది. నూనె చేత్తో పెన్ను పట్టుకుంటే కాగితం పాడవుతుంది. పదిహేడు సంఖ్యలతో భాగించినా పగలని మహానుభావుడు ఆ పద్దెనిమిదో దానికి పగులుతాడా అనుకున్నాను. ఇంకో ముక్క తుంచుకుని, "అవ్వా, పక్కా ప్రైమ్" అని అరిచాను.

"మంచిది కొడుకా, ఇంకోటి ఎయ్యాల్నా?" అంది అవ్వ.

మర్నాడు పోగుల లెక్క రాసిన చీటీ పట్టుకుని రాజేశం కాక షెడ్డుకు పోయాను. షెడ్డులో ఒక పక్క ఇనుప స్టాండు, దాని నిండా దారపు కోన్లు. ఎన్ని కోన్లుంటే అన్ని పోగులు ఒక పట్టీగా వచ్చి ఎదురుగా ఉన్న పెద్ద డ్రమ్ము మీద చుట్టుకుంటాయి. ఆ పట్టీ పక్కన ఇంకో పట్టీ, దాని పక్కన ఇంకోటి. అరవై కోన్లతో అరవై ఎనిమిది పట్టీలు వేస్తే నాలుగు వేల ఎనభై పోగులు అవుతాయి. వాళ్లకు రోజూ చేసే లెక్క అది.

కాక చీటీ చూసి ముఖం చిట్లించాడు.

"గీ ఏడు ఎక్వెందుకు సారూ? ఏడు కోన్లతోని వేరే పట్టీ ఎయ్యాల్నా? స్టాండు విప్పుడు, మల్ల కట్టుడు, ఎంత పరేషాన్!"

"తప్పదు కాకా. గిది ముక్కలు కాని సంఖ్య. ఎన్ని కోన్లు పెట్టినా సమానంగ రాదు, ఒక పట్టీ చిన్నగ వచ్చుడే. అదే దీని గొప్పతనం."

"గొప్పతనమా, తిప్పలా?"

స్టాండు దగ్గర తెగిన పోగు ముడేస్తున్న లావణ్య తల తిప్పింది. "ఎన్ని కోన్లు పెట్టినా రాదా?"

"రాదు."

"పక్కానా?"

"పక్కా. రాసిస్త."

"వస్తే?"

ఆ అమ్మాయి నాతో స్వయంగా మాట్లాడుతోంది. పక్క షెడ్డుల నుంచి నలుగురు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. తెలివైనవాడైతే అక్కడ నవ్వి ఊరుకునేవాడు. నేను ఛాతీ విరిచాను.

"వస్తే, గీ గోడ మీద 'నాకు లెక్కలు రావు' అని రాసి సంతకం పెడత. నెల రోజులు గీ షెడ్డుల కోన్లు మోస్త."

కాక నా వంక జాలిగా చూసి, కూతురితో నాకు వినపడేలాగే అన్నాడు, "పిల్లగానికి జర తిక్క ఉన్నట్టున్నది బిడ్డా. వద్దని చెప్పేద్దామా?"

"రెండు రోజులు ఆగు బాపూ. వార్పు కానియ్యి," అంది లావణ్య.

ఆ రెండు రోజులు క్లాసులో నేను ఏం చెప్పానో నాకు తెలియదు. మూడో రోజు రాజేశం కాక ఫోన్ చేసి వార్పు అయిందని, అందరూ రమ్మని చెప్పాడు. అందరూ రమ్మన్నారంటే ఒప్పుకున్నట్టే అని నేను అవ్వకు నిరూపించాను. చొక్కా ఇస్త్రీ చేయించాను. దారిలో బాపు ఒక్క మాటే అన్నాడు, "మాట్లాడుడు తక్వ చెయ్యి."

షెడ్డులో కాక, ఆయన భార్య, లావణ్య, పక్క షెడ్డుల నలుగురూ ఉన్నారు. మా అవ్వాబాపులతో కలిపితే తొమ్మిది. డ్రమ్ము మీద తెల్లటి పోగులు నున్నగా మెరుస్తున్నాయి. నేను ఆఖరి పట్టీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించాను.

"గిదే గదా చిన్న పట్టీ? ఎన్ని పోగులొచ్చినయి? ఏడేనా?"

"చిన్నదేం లేదు," అంది లావణ్య. "అన్నీ సమానమే."

"గట్లెట్ల? అయితే పోగులు తక్వ పడ్డయి."

"పడలే. నాలుగు వేల ఎనభై ఏడు ఉన్నయి."

ఇప్పుడు మళ్లీ అలాంటి సందర్భం వస్తే నా నోరు నేనే మూసుకుంటాను. అప్పుడు మాత్రం చిరునవ్వుతో, కాలేజీలో వెనక బెంచీ పిల్లలకు చెప్పే గొంతుతో, "అది జరగదు లావణ్యా. నువ్వే ఎక్కడో ఒక పోగు లెక్క తప్పినవు" అన్నాను.

వార్పు చేసే మనిషితో పోగు లెక్క తప్పావని అనడం ఎలాంటిదో నేత ఇంట్లో పుట్టిన నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను. నా సంఖ్య మీద నాకు అంత నమ్మకం. రాజేశం కాక భుజం మీది తువ్వాల తీసి దులిపాడు.

"సత్తయ్య బావా," అన్నాడు మా బాపుతో, "నా బిడ్డ పదో తరగతి సంది పోగులు లెక్కపెడుతున్నది. ఒక్కపారి తప్పలే. గీ సంబంధం మనకు కుదరదు. చాయ్ తాగి పోండ్రి."

మా అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాపు తల వంచుకున్నాడు. నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది. ఓడిపోతానని కాదు. ఈ అమ్మాయి నాకు దక్కకుండా పోతుందని.

లావణ్య మాత్రం కోపం తెచ్చుకోలేదు. స్టాండు వైపు చెయ్యి చూపించింది.

"ఏడు పోగులకు వేరే పట్టీ ఎందుకని ఆలోచన చేసిన. అరవై కోన్లకు ఇంకొక్క కోను పెట్టిన. ఒక పట్టీ తగ్గించిన. గంతే. కోన్లు లెక్కపెట్టుకోండ్రి, పట్టీలు లెక్కపెట్టుకోండ్రి."

కోన్లు లెక్కపెట్టాను. అరవై ఒకటి. పట్టీలు లెక్కపెట్టాను. అరవై ఏడు. మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి తొమ్మిది మందీ నాతో పాటు బయటికే లెక్కపెట్టారు. సుద్దముక్క తీసుకుని గోడ మీద గుణకారం వేశాను. అరవై ఒకటి ఇంటూ అరవై ఏడు. నాలుగు వేల ఎనభై ఏడు. ఒక్క పోగు ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ఇక్కడితో అయిపోయినా బాగుండేది. కానీ గోడ మీద ఆ రెండు సంఖ్యలనూ చూస్తుంటే ఇంకో సంగతి కనపడింది. అరవై ఒకటి అంటే అరవై నాలుగు మైనస్ మూడు. అరవై ఏడు అంటే అరవై నాలుగు ప్లస్ మూడు. అంటే నాలుగు వేల ఎనభై ఏడు అరవై నాలుగు వర్గంలోంచి మూడు వర్గం తీసేస్తే వచ్చేదే! ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్! ఎనిమిదో తరగతి సూత్రం! అది రాని పిల్లలను "ఏం తిని వస్తున్నరురా పొద్దుగాల?" అని నేను రోజూ తిట్టేవాణ్ని. ఆ సాయంత్రం వంటింట్లో నాలుగు వేల తొంభై ఆరు అని నా చేత్తోనే రాసుకున్నాను. అందులోంచి తొమ్మిది తీసేస్తే నా సంఖ్య వస్తుందని, తొమ్మిది మూడు వర్గమని చూసుకుని ఉంటే అక్కడే తేలిపోయేది. నేను ఏం తిని చూసుకోలేదో అందరికీ తెలుసు.

"అరవై ఒకటితోని చూడలేదా మీరు?" లావణ్య మెల్లగా అడిగింది.

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. చూశాను, పొరపాటు పడ్డాను అనొచ్చు. తొమ్మిది మంది ముఖాలూ చూశాను.

"చూడలే. యాభై తొమ్మిది దాక చూసిన. అప్పుడు అవ్వ సర్వపిండి పెట్టింది. చేతికి నూనె ఉండె. ఇదొక్కదానికేం పోతదిలే అనుకున్న. తప్పు నాదే. నీ లెక్క తప్పలే, తప్పిందని అన్నందుకు మాఫ్ చెయ్యి. కాకా, మీరు కూడా."

"అయ్యో, నేను పెట్టకపోతే బాగుండు కొడుకా," అని అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదలడం చూస్తే నవ్వుతోందని తెలిసింది. ఆమెను చూసి కాక భార్య నవ్వింది. తర్వాత తలుపు దగ్గర నలుగురూ మొదలుపెట్టారు.

నేను సుద్దముక్కతో గుణకారం కిందే పెద్ద అక్షరాలతో రాశాను: "నాకు లెక్కలు రావు." కింద సంతకం పెట్టాను. కాక దగ్గరికి వచ్చి చదివి, "ఎమ్మెస్సీ అని కూడా రాయి సారూ" అన్నాడు. రాశాను.

"మరి కోన్లు?" అంది లావణ్య.

"రేపు పొద్దుగాల వస్త."

"కాలేజీ?"

"నిన్ననే సెలవులిచ్చిండ్రు. ఇయ్యకపోయినా వస్త."

వచ్చాను. మే నెల ఎండలో, రేకుల షెడ్డులో, ముప్పై రోజులు కోన్ల సంచులు మోశాను. మొదటి వారం కాక నాతో మాట్లాడలేదు. రెండో వారం చాయ్ పోయించాడు. మూడో వారం నేను ఒక కోను తప్పు వరసలో పెడితే లావణ్య ఏమీ అనకుండా తీసి సరిచేసి, "ఫికర్ చెయ్యకుండ్రి, మొదట్ల నేను కూడ గట్లనే పెట్టేదాన్ని" అంది. ఆ మాటకు నాకు ఎమ్మెస్సీ పట్టా తీసుకున్న రోజున కూడా కలగనంత సంతోషం కలిగింది.

ముప్పయ్యో రోజు సాయంత్రం ఆఖరి సంచి దింపి చేతులు దులుపుకుంటున్నాను. లావణ్య తండ్రి దగ్గరికి పోయి, "బాపూ, గా వార్పు సత్తయ్య మామోళ్లకు పంపియ్యి. తెర నేసుకోమను" అంది.

కాక కూతురి వైపు తిరిగాడు. "అంటే? లెక్కలు రావని గోడ మీద రాసిన మనిషినా?"

"లెక్క నేను చూసుకుంట. తప్పయితే తప్పయిందని చెప్తడు గదా, చాలు," అంది.

నేను అప్పుడే దింపిన సంచిని మళ్లీ భుజానికెత్తుకున్నాను.

బాపు తెర నేశాడు. నాలుగు వేల ఎనభై ఏడు పోగులు, అంచున ఒక ఒంటి పోగు. పెళ్లిలో అయ్యగారు ఆ తెర మా మధ్య పట్టినప్పుడు నేను కళ్లు మూసుకుని మంత్రాలు వింటున్నాను. తెర అవతల నుంచి చిన్నగా గొంతు వినిపించింది, "లెక్కపెట్టుకుంటున్నరా?" అయ్యగారికి కూడా వినపడింది. ఆయన నవ్వు ఆపుకోలేక తెరను ఒక పక్కకు జారవిడిచాడు.

రాజేశం కాక ఏటా దసరాకు ముందు షెడ్డుకు సున్నం వేయిస్తాడు. ఆ గుణకారం, నా సంతకం ఉన్న చోటు మాత్రం వదిలేస్తాడు. సుద్ద చెరిగిపోతోందని నిరుడు దాని మీద నీలం పెయింట్ కూడా దిద్దించాడు. వార్పుకు వచ్చినవాళ్లందరికీ, "మా అల్లుడు, లెక్కల సారు" అని ముందు గోడను చూపిస్తాడు, తర్వాత నన్ను చూపిస్తాడు.

కాబట్టి పాఠకులారా, ఆ గోడ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట ఏ సంఖ్యనూ ఆఖరి భాగహారం దాకా చూడకుండా ప్రధాన సంఖ్య అని అనను. నూనె చేతులతో గణితం ముట్టను. వార్పు చేసే మనిషితో పోగు లెక్క తప్పిందని ఈ జన్మలో అనను, వచ్చే జన్మలో కూడా అనను.

ఇదంతా రాసి లావణ్యకు చూపించాను. ఓపికగా ఆఖరు దాకా చదివింది.

"నాలుగు వేల ఎనభైకి ఒక్క పోగు తక్వ పెడితే ఎట్లుండె? నాలుగు వేల డెబ్బై తొమ్మిది?" అంది.

"ఆహా! అది అసలైన ప్రైమ్. అవ్వ పోగులు తగ్గించొద్దనకపోతే అప్పుడే గెలిచేవాణ్ని."

"ఎంతదాక చూసినవ్?"

నా ముందు కంచంలో సర్వపిండి ఉంది. సగం తిన్నాను. చేతులు కడుక్కోవడానికి లేచాను.